వదిన పేరున రాసిన నడక

రచయితగారి జ్ఞాపకశక్తిని మెచ్చుకోని పాఠకుడు లేడు. అయితే ఆ పాఠకులెవరూ ఆయనతో కాపురం చెయ్యలేదు. పల్లెలో చిన్నప్పుడు తోలిన మేకల్లో దేనికి ఏ చెవి చిరిగిందో చెప్పగలడు గానీ, చేతికిచ్చిన సంచీ ఏ కొట్లో వదిలొచ్చాడో చెప్పలేడు. వాన వెలిశాక చేను ఎలా వాసన వేస్తుందో పేజీలకి పేజీలు రాస్తాడు. పక్కనే పొయ్యి మీద పాలు మాడుతున్న వాసన ఆయన ముక్కుదాకా రాదు. ఇవన్నీ ఆయన భార్య నవ్వుతూ చెప్పుకునే ఫిర్యాదులే. నవ్వు రానిది ఒక్కటే... ఆయన అక్క, వదినగారు.

కొత్త పుస్తకం వచ్చినప్పటినుంచి ఇంట్లో ఫోను మోగితే ఆవిడ గురించే. జబ్బు చేసి కాళ్లు పడిపోయిన తమ్ముణ్ణి అక్క మళ్లీ నడిపించిన కథ అది. అలాంటి అక్క అందరికీ ఉండాలని ఒకావిడ ఫోనులో వెక్కుతుంటే, కూర అడుగంటుతున్నా ఆమె ఊఁ కొట్టాల్సి వచ్చింది. కిందటేడు ఈయన నరాల జబ్బుతో మంచాన పడితే ఒళ్లు తుడిచిందెవరు? అన్నం కలిపి పెట్టిందెవరు? ఇన్ని నెలల చాకిరీ ఆయన కంటికి ఆనలేదా... చిన్నప్పటి అక్క మాత్రం ఇంకా కళ్లముందే ఉందా! పుస్తకం అంకితం కూడా ఆవిడకే అని తెలిశాక, ఆమె దాన్ని తెరవనే లేదు. బియ్యం డబ్బా మీద మూతలా పెట్టింది.

ఆ వదినగారు ఓ ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా దిగారు. ఆమె మర్యాదగా కుర్చీ వేసింది, ఫ్యాను గాలి తగలని చోట. టీలో చక్కెర అరచెంచా తగ్గించింది. అంతకంటే పెద్ద పగ తీర్చుకోవడం ఆమెకి చేతకాదు.

వదినగారు టీ ముట్టుకోలేదు. సంచీలోంచి పుస్తకం తీశారు.

"ఇది చదివావా అమ్మాయ్?"

"తీరిక లేదు వదినా."

"తీరిక లేకా, నా మీద కోపమా? సరే, విను."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివారు. "అక్క నా పాదాలు తన పాదాల మీద పెట్టుకుంది. నా చేతులు తన మెడచుట్టూ వేసుకుని వెనక్కి ఒక్కో అడుగూ వేసింది. గోడ దగ్గరికి చేరేసరికి ఆమె బొటనవేలి గోరు కమిలిపోయింది. నీకన్నా నీళ్లబకెట్టే బరువు అని అబద్ధమాడింది..."

ఆమె పళ్లెం కింద పెట్టి దగ్గరికి వచ్చింది. ఆ మాట తనది! తలుపు వేసిన గదిలో ఆయనతో తప్ప ఎవరితోనూ అనని మాట...

వదినగారు పుస్తకం మూశారు. తమ్ముడికి జబ్బు చేసినప్పుడు అంటుకుంటుందని తనని అమ్మమ్మ దగ్గరికి పంపేశారనీ, తిరిగొచ్చేసరికి వాడు మేకల వెంట పరిగెడుతున్నాడనీ చెప్పారు. "ఎవరెవరో వచ్చి నా చేతులు పట్టుకుని ఏడుస్తున్నారే. దొంగసొమ్ము దాచుకున్నట్టుంది నాకు. ఈ పిల్ల నేను కాదు. నువ్వేనా?"

ఆమె పుస్తకం అందుకుంది. నెలల తరబడి తను కుళ్లుకున్నది తనని చూసేనా! నవ్వు రావాల్సిన చోట కన్నీళ్లు వచ్చాయి. తన ఒళ్లునొప్పులన్నీ, తన అబద్ధాలన్నీ ఆయన పోగొట్టుకోకుండా దాచాడు... తీసుకెళ్లి ఇంకొకరి పేరున రాసేశాడు.

రచయితగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. కథకి అలా కుదిరిందని నసిగాడు.

"కథలు మా దగ్గర చెప్పకురా," అన్నారు అక్కగారు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "అడుగులు నావి కదండీ. ఆవిడకెందుకిచ్చారు?"

ఆయన వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంత మగాణ్ణి, పెళ్లాం పాదాల మీద నిలబడి నడిచానని రాయడానికి సిగ్గేసింది. పదేళ్ల పిల్లాణ్ణయితే ఎవరూ నవ్వరనుకున్నాను. నా పరువు కోసం నిన్ను నీ కథలోంచే తీసేశాను. తప్పు చేశాను... అక్క ముందే చెబుతున్నా, తప్పు నాదే."