మూసేసిన లెవల్ పలికింది

మందమర్రి రైల్వే హాల్ట్ దగ్గర పట్టాల పక్కన దొరికిన శవం స్టాటిస్టిషియన్ ఆగయ్యది. పోలీసులు ప్రమాదం అన్నారు. హైదరాబాద్‌లో గూఢచారి సంస్థ చీఫ్ అలా అనుకోలేదు.

"గని పైకప్పు ఎప్పుడు కూలుతుందో చెప్పే బేసియన్ గణాంక మోడల్ ఆగయ్యది. విదేశీ ముఠా ఒకటి తమ సిస్టమ్ ఇక్కడ అమ్ముకోవాలని చూస్తోంది. ఒక్క పెద్ద ప్రమాదం జరిగితే చాలు, ఆగయ్య మోడల్‌ను ఎవరూ నమ్మరు. వెళ్లి ఆపు."

ఏజెంట్ గిడియోన్ మధ్యాహ్నానికి ఆ మోడల్ నడుస్తున్న గోదావరిఖని గనికి చేరాడు. మెడలో ఆడిటర్ ఐడీ కార్డు, కళ్లజోడులో ఫ్లాష్ కెమెరా. ఈ ఊరి బొగ్గు ధూళి పీల్చి పెరిగినవాడే. అక్క మొగుడు సామ్యేల్ ఇదే గనిలో, కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్. సెకండ్ షిఫ్టు మనుషులతో అప్పటికే తొమ్మిదో లెవల్‌కు దిగాడు. ఆ సంగతి గిడియోన్ చీఫ్‌కు చెప్పలేదు.

కంట్రోల్ రూమ్‌లో ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు, మసి అంటని తెల్ల చీర. మమత. ముఠాలో మన మనిషి. కనీసం చీఫ్ నమ్మకం అది.

"బంకర్ల బొగ్గు తడిసిందా?" అన్నాడు గిడియోన్.

"ఎండకేసినం." కోడ్ కుదిరింది. "ఆగయ్య శాంపిల్స్ వేరే ఫార్మాట్‌ల ఉండె. ఈ స్క్రీన్ చదివే ఫార్మాట్‌లకు నేనే మార్చిన. తొమ్మిదో లెవల్ పైకప్పు దిగుతున్నది. అక్కడి మనుషులను ఆరో లెవల్‌కు పంపిన్రు. ఇగ ఫికర్ లేదు."

గనిలో అంతస్తుల్లా ఒకదాని కింద ఒకటి పన్నెండు లెవల్స్. పైకప్పుకు బిగించిన మీటర్లు చెప్పింది విని, ఒక్కో లెవల్ పైకప్పు ఎంత వేగంగా దిగుతోందో మోడల్ వేల అంచనాలు వేస్తుంది. అవే శాంపిల్స్. మీటరు ఉన్నచోట అంచనాలు దగ్గరదగ్గరగా చేరతాయి. లేనిచోట చెల్లాచెదురుగా పడి ఉంటాయి.

స్క్రీన్ మీద నాలుగో లెవల్ అంచనాలు ఒక్కచోట గుమిగూడి ఉన్నాయి.

గిడియోన్ స్క్రీన్‌కు దగ్గరగా వంగాడు. మంటలు లేచాయని తన చిన్నప్పుడే నాలుగో లెవల్‌కు గోడ కట్టి మూసేశారు. మూసినా దాని నంబర్ తీసెయ్యరు, మరో లెవల్‌కు ఇవ్వరు. ఈ గనిలో పద్ధతి అది. గోడ వెనక మీటరే లేదు. మరి ఈ అంచనాలు ఎవరి మాట విన్నట్టు?

ఏడో లెవల్ చూశాడు. మనుషులూ మీటర్లూ ఉన్న లెవల్. అంచనాలు మాత్రం చెల్లాచెదురు.

"ఫార్మాట్ మార్చేటప్పుడు లెవల్ నంబర్లను అంకెల లెక్క కాకుండ అక్షరాల లెక్క వరుస పెట్టినవ్," అన్నాడు మెల్లగా. "ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు. గవి అయినంకనే రెండు. పైన పేర్లు మాత్రం మామూలు వరుసల అతికించినవ్. ఏడో పేరు కింద ఉన్నది ఆ గోడ కట్టి మూసిన నాలుగే. ఇగ తొమ్మిదో పేరు కింద..."

వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆరు. కూలబోతున్నది ఆరో లెవల్. సామ్యేల్ ఉన్నది అక్కడే.

"గోడ సంగతి నాకెవరూ చెప్పలే. తెలిస్తే గది గూడ దాస్తుంటి," అంది మమత. ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

"గనిల ఒక్కపారన్న దిగితే తెలుస్తుండె."

కళ్లజోడు ఫ్లాష్ భగ్గుమంది. ఆమె పేల్చిన గుండు మానిటర్‌ను పగలగొట్టింది. గిడియోన్ ఆమె చేయి విరిచి పిస్టల్ లాక్కుని, ఆరో లెవల్‌కు మోగే గని ఫోన్ అందుకున్నాడు.

"బావా! ఆరు ఖాళీ చెయ్! జల్ది!"

"ఏంది బామ్మర్ది? తొమ్మిది గద అన్నరు?"

"ఆరే! నీకు దండం పెడ్త, ఉరుకున్రి!"

ఫోన్‌లో ఈల వినిపించింది. బూట్ల చప్పుడు. ఆ తర్వాత కాళ్ల కింద నేల అదిరింది. లైన్ తెగిపోయింది.

సెక్యూరిటీ వచ్చి మమతను తీసుకుపోతున్నా గిడియోన్ తల తిప్పలేదు. ఎన్నో శవాలు చూసినవాడు, రిసీవర్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గని ముఖద్వారంలోంచి మనుషులు ఒక్కొక్కరే పైకి వచ్చారు. సర్దార్ అందరికంటే ఆఖరున వస్తాడు. సామ్యేల్ ఆఖరునే వచ్చాడు, దుమ్ములో కళ్లు తప్ప ఏమీ కనబడకుండా.

"అందరం వచ్చినం," అన్నాడు దగ్గుతూ. "నా సద్దిగిన్నె ఆడనే పోయింది. మొన్ననే కొన్నది మీ అక్క. ఆమెకు నువ్వే చెప్పుకో."

దీనికి పనికొచ్చే కవర్ స్టోరీ గిడియోన్‌కు ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు.