మొహం చూసి ఇచ్చిన పాస్

ఫుట్‌బాల్ దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా అందరూ పిడుగు అని పిలిచే పిల్ల కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇటు! ఇటివ్వు!" కుడివైపు నుంచి పొడుగుకాళ్ళ పిల్ల కేక. ఆమెదీ పిడుగులాగే ఆకుపచ్చ టీషర్టు. కానీ కింద వీధి పిల్ల. పిడుగుది పై వీధి.

"పిడుగూ, నాకే!" ఎడమవైపు నుంచి అన్న. సొంత అన్న. కానీ పసుపు టీషర్టు.

పిడుగు క్షణం కూడా ఆలోచించలేదు. బంతిని అన్న వైపు తన్నింది. వాడు గోల్ కొట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది, వాడు అవతలి టీమ్ అని!

పోయినేడు పై వీధి, కింద వీధి వాళ్ళు రాళ్ళు రువ్వుకున్నారు. గ్రౌండ్‌కి తాళం పడింది. కోచ్ అక్క రెండు వీధులూ కాళ్ళరిగేలా తిరిగి తెరిపించింది. ఒకటే షరతు. ప్రతి టీమ్‌లో రెండు వీధుల వాళ్ళూ ఉండాలి. మళ్ళీ గొడవైతే మళ్ళీ తాళమే.

ఇప్పుడంతా గందరగోళం. పసుపు టీమ్‌లోని కింద వీధి పిల్లలు గంతులేశారు. ఆకుపచ్చ టీమ్‌లోని పై వీధి పిల్లలు కూడా తమ వీధివాడి గోల్ కదా అని చప్పట్లు కొట్టబోయి నాలుక్కరుచుకున్నారు.

"అసలు నీది ఏ టీమే?" పొడుగుకాళ్ళ పిల్ల మీదికొచ్చింది. "కావాలనే ఇచ్చావు కదూ!"

"కాదు... అదీ..." పిడుగు తడబడింది. నిన్ననే అన్న తన పెన్సిల్ విరిచాడు. అలాంటోడికి ఎందుకిచ్చినట్టు?

గోడ మీద కూర్చున్న కింద వీధి టైలర్ లేచాడు. "చూశారా వీళ్ళ బుద్ధి!"

పై వీధి మెకానిక్ కూడా లేచాడు. "చిన్నపిల్లని పట్టుకుని ఏంటయ్యా ఆ మాటలు?"

కోచ్ అక్క మొహం వాడిపోయింది. పిడుగుకి గ్రౌండ్ తాళం గుర్తొచ్చింది. తనవల్ల ఆట ఆగిపోతుందా?

"తప్పు నాదే!" గట్టిగా అరిచింది. "టీషర్టు చూడలేదు. మొహం చూసి ఇచ్చేశా!"

టైలర్ మళ్ళీ గోడ మీద కూర్చున్నాడు. ఆయన్ని చూసి మెకానిక్ కూడా.

ఆట మళ్ళీ మొదలైంది. కాసేపటికి బంతి మళ్ళీ పిడుగు దగ్గరకే వచ్చింది.

"చెల్లీ, ఇటు!" అన్న కవ్వించాడు.

పిడుగు పొడుగుకాళ్ళ పిల్లకి ఇచ్చింది. ఆ పిల్ల బలమంతా పెట్టి తన్నింది. బంతి గోల్ మీంచి, గోడ మీంచి ఎగిరి కింద వీధిలో పడింది.

"చూశావా? నాకిస్తే గోల్ అయ్యేది!" అన్న నవ్వాడు.

"అయ్యేదే. మీకు!"

పొడుగుకాళ్ళ పిల్ల తల దించుకుని బంతి తేవడానికి గేటు వైపు నడిచింది. ఆ రాళ్ళ గొడవ తర్వాత పిడుగు కింద వీధిలో అడుగు పెట్టలేదు. పెట్టొచ్చో లేదో కూడా తెలీదు.

"ఆగు, నేనూ వస్తా," అంది.

"మా వీధిలో కుక్కుంది."

"కరుస్తుందా?"

"నన్నైతే కరవదు."

పిడుగు గబగబా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటింది.