తెరుచుకోలేదన్న మూట

“మేడమ్, మీ మూట తెరుచుకోవడం లేదు.”

కోకుగొంజా ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కళ్ళు మూసుకుంది. శనివారం వచ్చిందంటే ఈ గొంతు తప్పదు.

“మళ్ళీనా? కంప్యూటర్ ఏమంటోంది రుటా గారూ?”

“ఏమీ అనడం లేదండి. నా మొహం చూస్తోంది.”

“పాపం, దానికెంత కష్టం!”

సరస్సు ఒడ్డున ఉన్న బుకోబా పట్నం రేడియోలో కోకు ఎడిటర్. వారం కార్యక్రమాలన్నీ ఒకే ఫైలుగా కుదించి, మూట కట్టి, ములేబాలోని చిన్న స్టేషన్‌కు నెట్‌లో పంపుతుంది. అక్కడ మూట విప్పి ప్రసారానికి పెట్టవలసినవాడు రుటా. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు గానీ, పోట్లాట మాత్రం పాత కాపురానికి తీసిపోదు.

ఇద్దరి కంప్యూటర్లూ ఇద్దరిలాంటివే. ఆమెది లినక్స్, అతనిది విండోస్. ఒకదాని మాట ఒకదానికి పట్టదు. మొదట్లో అతను వాడే సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ “గడువు తీరింది, కొనుక్కో” అని అడ్డుపడేది. రెండింటిలోనూ పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని కోకు చెప్పింది.

“ఊరికే వస్తుందా? ఊరికే వచ్చేదాన్ని మా అమ్మ నమ్మదండి.”

“అదేమీ అడగదు. ఏ కంప్యూటర్‌లోనైనా సర్దుకుపోతుంది. తెచ్చిన సామాను పొల్లుపోకుండా అప్పగిస్తుంది.”

“ఇలాంటి అల్లుడి కోసమే మా అమ్మ వెతుకుతోందండి, మా చెల్లికి.”

కోకుకు నవ్వు వచ్చింది. వినపడకుండా మింగేసింది.

ఆ తర్వాత మరో గొడవ. ఫైళ్ళ పేర్లలో గంటకూ నిమిషానికీ మధ్య ఆమె రెండు చుక్కలు పెట్టింది. విండోస్‌కు ఆ చుక్కలు గిట్టవు. మూట విప్పితే అన్నీ ఖాళీ ఫైళ్ళే. “ఖాళీ గిన్నెలు వడ్డించి భోంచేయమంటారేం?” అని అతను, “వడ్డించడం నాకొచ్చు, తినడం మీకు రాదు” అని ఈమె వాదించుకున్నారు. చివరికి తప్పు తనదేనని తేలి కోకు సారీ చెప్పింది. చుక్కలు తీసేసింది. అయినా శనివారం శనివారం ఫోను మాత్రం ఆగలేదు.

“మేడమ్, లైన్లో ఉన్నారా?”

“ఉన్నాను, నా ఖర్మ. మళ్ళీ కట్టి పంపుతాను. ఇది కూడా తెరుచుకోకపోతే కంప్యూటర్‌ని తీసుకెళ్ళి సరస్సులో పడేయండి.”

బయట మబ్బు కమ్ముకొస్తోంది. వాన మొదలైతే కరెంటు పోతుంది. కోకు గబగబా పేర్లన్నీ కొత్తగా కొట్టి, మూట కట్టి పంపించి, గొడుగు మరిచిపోయి తడిసి ఇల్లు చేరింది.

ఆదివారం ములేబాలో పొద్దు తలకిందులైంది.

తెల్లవారుతూనే, ఊరింకా దుప్పట్లలో ఉండగా, పెళ్ళిళ్ళ శుభాకాంక్షలూ డప్పుల మోతా దద్దరిల్లాయి. మిట్టమధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి జనం అరటికాయ కూర ముందు కూర్చోగానే రేడియోలో కోడి కూసింది. “రైతన్నలారా, లేవండి! మంచు కరగకముందే కాఫీ తోటకు నడవండి!” అంది.

అక్కడ జనం నోటితో చెప్పే గంటలు పొద్దుతో నడుస్తాయి. సూర్యోదయం పన్నెండు గంటలు, మిట్టమధ్యాహ్నం ఆరు. పిల్లలు మొదలు బిషప్పు దాకా అందరూ అలాగే చెబుతారు. కంప్యూటర్ గడియారం మాత్రం ప్రపంచంతో పాటు నడుస్తుంది. ఫైలు పేరులో ఏ గంట ఉంటే ఆ గంటకు వాయించేస్తుంది. అందుకే కోకు ఎప్పుడూ నోటి గంటను కంప్యూటర్ గంటగా మార్చి పేరు పెడుతుంది. ఎప్పుడూ.

సోమవారం ఆఫీసులో పై అధికారి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. “ములేబా కుర్రాడు తప్పు నాదేనని ఒప్పుకున్నాడట. అక్కడి స్టేషన్ పెద్ద థియోడోరమ్మ వాణ్ని ఈ వారంతో సాగనంపుతోంది.”

కోకు తన కంప్యూటర్‌లో, రెండోసారి కట్టిన ఆ మూట విప్పి చూసింది. ఉదయం కార్యక్రమానికి పన్నెండు. మధ్యాహ్నం దానికి ఆరు. హడావిడిలో నోటి గంటలే కొట్టింది తన వేళ్ళే.

తన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తండ్రి చేపలు పట్టి చదివించాడు, ఆ ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి తనే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

“ఎవరడిగారు ఇతన్ని నా తప్పు నెత్తిన వేసుకోమని?” అని పైకే తిట్టుకుంటూ ములేబా బస్సెక్కింది.

దిగేసరికి కుండపోత. స్టేషన్ గదిలో పైకప్పు కారుతోంది. పొడుగాటి యువకుడొకడు తాను తడుస్తూ కంప్యూటర్‌కు గొడుగు పట్టి నిలబడి ఉన్నాడు.

“రుటా?”

ఆ గొంతు వినగానే గొడుగు వంగింది. నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి.

“మేడమ్! మీరు... ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదండి.”

“ముందు గొడుగు సరిగ్గా పట్టు! అయినా నా తప్పు నీదని ఎందుకు చెప్పావు? నేను అడిగానా?”

“మీ తప్పు కాదు కదా.”

“పేర్లు కొట్టింది నేను!”

ఈ కేకలకు లోపలి నుంచి థియోడోరమ్మ బయటికి వచ్చింది. వచ్చినవారెవరికైనా నమలడానికి కాఫీ గింజలివ్వడం అక్కడి మర్యాద. ఎండు కాఫీ గింజలున్న చిన్న బుట్ట చాపి, “నములుతూ చెప్పమ్మా” అంది.

కోకు గింజలు నోట్లో వేసుకోకుండానే అంతా చెప్పేసింది. “కాబట్టి తీసేస్తే నన్ను తీసేయించండమ్మా. మా ఆఫీసుకూ నేనే చెప్తాను.”

“వద్దమ్మా, ఆగండి.” రుటా థియోడోరమ్మ వైపు తిరిగాడు. “మొదటి మూట తెరుచుకుంది.”

“ఏమిటీ?” అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి.

“శుభ్రంగా తెరుచుకుంది. పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండోది వచ్చాక, నా అబద్ధం బయటపడకూడదని చూడకుండా దాన్నే ప్రసారానికి పెట్టేశాను.”

“మరి అంతకు ముందు శనివారాలవి?”

“చుక్కల గొడవ తీరినప్పటి నుంచి... అన్నీ తెరుచుకుంటున్నాయండి.”

కోకు చేతిలోని గింజలు బుట్టలో పడేసింది. ఇక ఆగలేదు. “ఎన్ని మూటలు తిరిగి కట్టాను! ఎన్ని శనివారాలు భోజనం మానేశాను! ఎందుకు మరి ఫోన్ చేశావు?”

రుటా కారుతున్న పైకప్పు వంక చూశాడు. “తెరుచుకుందంటే మీరు ‘సరే’ అని పెట్టేస్తారు. తెరుచుకోలేదంటే అరగంట తిడతారు.”

థియోడోరమ్మ గింజ నమలడం పూర్తి చేసింది.

“చూడు నాయనా. ఒక పిల్ల గొంతు వినడానికి ఊరి పొద్దంతా తారుమారు చేశావు. ఊరికే వదిలిపెట్టను. వచ్చే ఆదివారం ఉదయం కార్యక్రమంలో ఊరందరికీ క్షమాపణ చెప్పు. కారణంతో సహా. ఇప్పుడే రికార్డు చెయ్యి. అది చేస్తే ఉంటావు, లేదంటే పో.” తర్వాత కోకు వైపు తిరిగింది. “ఎడిట్ చేసేది నువ్వు. కారణం ఉంచుతావో, కత్తిరిస్తావో నీ ఇష్టం. కత్తిరించినా వాడి ఉద్యోగానికి ఢోకా లేదు. నీ తప్పు సంగతి మీవాళ్ళకు నువ్వే చెప్పుకో.”

మర్నాడే చెప్పుకుంది. పై అధికారి మందలించి వదిలేశాడు. ఆపైన వారమంతా కోకు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ గొంతు వింటూనే ఉంది. ఒకసారి కారణం కత్తిరించింది. మళ్ళీ అతికించింది. “ఇంత నీళ్ళు నమిలేవాడు రేడియోలో ఎలా చేరాడో!” అని విసుక్కుంది. ఆ శనివారం ఫోను మోగలేదు. అందుకు ఇంకా విసుక్కుంది.

ఆదివారం తెల్లవారుజామున కోకు ములేబా దగ్గర సరస్సు ఒడ్డున, అమ్మానాన్నల ఇంట్లో ఉంది. తండ్రి వల బాగు చేసుకుంటున్నాడు. తల్లి అరటికాయలు చెక్కు తీస్తోంది. రేడియోలో కోడి కూసింది, ఈసారి వేళకే. వెనకే రుటా గొంతు.

“పోయిన ఆదివారం మీ పొద్దు తారుమారు చేసింది నేనే, క్షమించండి. కారణం చెప్పమన్నారు. పని ఉందని ఒకమ్మాయికి ఫోన్ చేసేవాణ్ని. పనేమీ లేదు. ఆమె తిడుతుంటే వినాలని, అంతే. ఆమె తిట్టని శనివారం నాకు వారమే ముగిసినట్టుండదు.”

తల్లి చేతిలో కత్తి ఆగింది. కూతురి మొహం చూసింది. వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

“నువ్వేనా?”

“అమ్మా, వాడొట్టి మొద్దు. గొడుగు పట్టుకోవడం కూడా రాదు.”

“అబద్ధమాడాడు,” అన్నాడు తండ్రి వల మీంచి తలెత్తకుండా. “ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు కూడా. నేనైతే మీ అమ్మ దగ్గర కూడా ఇన్ని ఒప్పుకోలేదు.”

“పిలువు,” అంది తల్లి. “ఇవి ఉడికేలోగా వస్తే తింటాడు.”

కోకు ఫోను తీసుకుని గడప దాటి నిలబడింది. అవతల రుటా ఒక్క మోతకే ఎత్తాడు.

“మా అమ్మ భోజనానికి రమ్మంటోంది.”

“ఎందుకండీ?”

“ఎందుకా!” ఆమెకు ఒళ్ళు మండిపోయింది. “ఊరంతా విన్నాక నన్నడుగుతావేం? కత్తిరించకుండా ఉంచింది నేనే కదా. నోరు మూసుకుని రా.”