కాట్రేనికోన శరణార్థులు

“అరబిక్ వచ్చాండీ?” అంది బ్లెస్సీ, ఫైల్లోంచి తలెత్తకుండానే.

“రాదండీ. మా బాబాయిగారు దుబాయ్‌లో ఉంటారండీ,” అన్నాడు హేమంత్.

“ఆయనకి వచ్చా?”

“ఆయనకీ రాదండీ.”

అప్పుడు తలెత్తింది. ఆ చూపుకి, ఉప్పలగుప్తం ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే హేమంత్‌కి రెండో ఎక్కం కూడా గుర్తు రాలేదు.

జోర్డాన్‌లో ఒక శరణార్థి శిబిరం. అక్కడ ఆర్నెల్లు ఉండి వర్క్‌షాపులు నడపడానికి అమలాపురంలో ఓ ట్రస్టు వాలంటీర్లను ఎంపిక చేస్తోంది. రాజోలు అమ్మాయి బ్లెస్సీ ఏడాదిపాటు అక్కడ పనిచేసి వచ్చింది. వచ్చే నెల మళ్ళీ వెళ్తోంది. ఎవరు పనికొస్తారో తేల్చేది ఆమే.

“అసలెందుకు వెళ్దామని?”

“పోయిన తుఫానుకి కాట్రేనికోన షెల్టర్లో నాలుగు రోజులున్నామండీ. పిల్లలు ఒకటే ఏడుపు. ఎక్కాలకి పాట కట్టి పాడించేను. ఏడుపు మానేసేరు. ఇల్లు పోయినవాళ్ళకి తిండి తర్వాత కావాల్సింది బడేనేమో అనిపించిందండీ.”

అతని పేరు కొట్టెయ్యబోయిన పెన్ను ఆగింది.

పరీక్ష ఆ తుఫాను షెల్టర్లోనే పెట్టింది. ఊళ్ళోని ఇరవైమంది ఆడవాళ్ళు శరణార్థులు. నియమం ఒక్కటే, వాళ్ళకి తెలుగు రాదు. నీళ్ళు మరిగించి తాగాలన్న సంగతి సాయంత్రంలోగా సైగలతోనే నేర్పాలి. లేకపోతే హేమంత్ ఉప్పలగుప్తంలో, బ్లెస్సీ జోర్డాన్‌లో.

వాళ్ళ నాయకురాలు ఎలీసమ్మ. ముప్ఫై ఏళ్ళుగా క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వెనక నిలబడే వేషమే దక్కిన మనిషి. ఇన్నాళ్ళకి పెద్ద వేషం దొరికేసరికి ప్రాణం పెట్టేసింది.

హేమంత్ లేని కుండ ఎత్తాడు, లేని పొయ్యి ఊదాడు, పదివేళ్ళూ ఆడించి బుడగలు తెప్పించాడు. శరణార్థులు చప్పట్లు కొట్టారు. ఇద్దరు లేచి అతనితోపాటు స్టెప్పులేశారు.

టీ వచ్చింది. “టీ తీసుకోండమ్మా!” అంటే ఒక్కరు కదిలితే ఒట్టు. ఎలీసమ్మ గ్లాసు వాసన చూసి, అదేదో విషమన్నట్టు కింద పెట్టేసింది.

బయట వాన అందుకుంది. ఎలీసమ్మ మొగుడు బాబూరావు తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

“ఏమే, గేదె తాడు తెంపుకుని పక్కోళ్ళ ఆకుమడిలో పడిందే! నారంతా మేసేస్తంది! నా మాట వినట్లేదు, నువ్వు రా!”

ఎలీసమ్మ మర్యాదగా నవ్వింది. “బాలమ్ కుస్కుతా?” అంది, అప్పటికప్పుడు పుట్టించిన భాషలో.

బాబూరావు మొహం పాలిపోయింది. “మేస్టారూ, మా ఆవిడికి ఏం చేసేరండీ? పొద్దున్న బాగానే తిట్టిందండీ!”

“ఆట అయిపోయింది ఎలీసమ్మగారూ, వెళ్ళండి,” అని బ్లెస్సీ బతిమాలింది. అదీ అర్థం కాలేదు ఆవిడకి.

హేమంత్ మోకాళ్ళమీద కూలబడ్డాడు. తలమీద రెండు వేళ్ళు కొమ్ములు చేశాడు. షెల్టర్ అదిరేలా గేదెలా అరిచి, ఎలీసమ్మ పచ్చ చీర కొంగు నోట కరిచి పరపరా నమిలాడు.

ఎలీసమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. గుండె బాదుకుంటూ, అప్పటికీ తెలుగు ముక్క అనకుండా, వానలోకి పరిగెత్తింది. వెనకే బాబూరావు.

బ్లెస్సీ గోడకి జారబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని కాగితం మీద టిక్కు పెట్టింది.

“పాసయ్యేరు. అక్కడ మొదటి నెల్లో నేను ఒక్కరికి కూడా ఇంత బాగా చెప్పలేకపోయేను.”

“ఇంకో మాట చెప్పాలండీ,” అన్నాడు హేమంత్.

“ఇక్కడ సైగలేనండీ.”

హేమంత్ గుండెమీద చెయ్యేసుకున్నాడు. ఆమె వైపు చూపించాడు. మళ్ళీ గుండెమీద వేసుకున్నాడు.

“గుండెల్లో మంటా? మాత్ర ఇవ్వనా?”

“మంట కాదమ్మా!” పందొమ్మిదిమంది శరణార్థులూ ఒక్కసారే తెలుగులో అరిచారు. “నువ్వంటే ఇష్టం అంటున్నాడు! ఆమాత్రం తెలీదా?”

బ్లెస్సీ వాన వైపు మొహం తిప్పేసుకుంది. బుగ్గల ఎరుపు మాత్రం దాగలేదు.

“ఆదివారం ఆరాధనయ్యాక రాజోలు రండి. మా అమ్మ సలోమిగారు నాకన్నా ఎక్కువ ప్రశ్నలేస్తారు. ఆవిడ కొంగు మాత్రం నమలకండి.”

“ఆయ్!” అన్నాడు హేమంత్.