తడిపిన తాను

కుట్టు మిషను కొనేవాళ్ళు నాలుగింటికి వస్తామన్నారు. మూడున్నరకే ఆమె దాని దుమ్ము తుడిచి, చక్రానికి నూనె వేసి, వెలుతురు పడేలా కిటికీ పక్కకు జరిపింది. అన్నీ గబగబా చేస్తోందే తప్ప ఒక్క క్షణమైనా దానిమీద చెయ్యి నిలపలేదు. నిలిపితే ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు...

మూడేళ్ళపాటు ఆ మిషనే ఆమెకు లోకం. స్కూలు యూనిఫారాలు కుట్టే చిన్న షాపు పెట్టి, ఇద్దరు పనివాళ్ళను పెట్టుకుని, బజారంతా ‘టైలరమ్మ’ అని పిలిచేదాకా వచ్చింది. ఈ ఏడు ఒక బడిలో ఐదు తరగతుల పిల్లలకూ బట్టలు కుట్టే పని దొరికింది. వ్యవధి తక్కువ. గుడ్డ తానులు విప్పినవి విప్పినట్టే కత్తిరించేసింది. పిల్లలు వేసుకుని మురిసిపోయారు. మొదటి ఉతుకుకే చొక్కాల చేతులు మోచేతుల పైకి పోయాయి, నిక్కర్లు తొడలమీదికి ఎక్కాయి. వారం తిరిగేసరికి బట్టలన్నీ గోనెసంచుల్లో షాపు గుమ్మం ముందుకొచ్చి పడ్డాయి. ఆ పిల్లల తల్లులు అన్న మాటలు ఇప్పటికీ ఆమె చెవుల్లోనే ఉన్నాయి. నెలలోపే షాపు మూతపడింది.

రెండు నెలలుగా ఆమె ఇంట్లోనే ఉంటోంది. ఉంటోందంటే ఉంటోంది, అంతే. సంచులన్నీ మేడమీది గదిలో పెట్టించారని మెట్లెక్కడమే మానేసింది.

మిషను బేరం కుదిర్చింది ఆడపడుచు. తమ్ముడి మేలు కోరే మనిషే, కాకపోతే నోటికి అడ్డూ అదుపూ లేదు.

“పోనీలే, ఒక పీడ వదిలింది” అంది కుర్చీలో కూర్చుంటూ. “ఇకనైనా ఇల్లు చూసుకో. నువ్వు షాపు పెట్టినప్పట్నుంచి మా తమ్ముడు వేళకు తిన్నది లేదు. ఇల్లు చూసుకోవడానికి కొలతలా, కత్తిరింపులా... బుర్రతో పనేముంది? అమ్మ చెయ్యలేదూ నలభై ఏళ్ళు?”

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఆమె తలెత్తి అత్తగారి ముఖం చూసి, చూడలేక దించుకుంది. ఆ మాట మొదట అన్నది ఆడపడుచు కాదు. తనే.

తానులు బల్లమీద పరిచి కత్తెర పట్టుకున్న రోజు అది. అత్తగారు షాపుకు అన్నం డబ్బా తెచ్చారు. గుడ్డ అంచును వేళ్ళమధ్య నలిపి చూసి, “ఇది ముడుచుకునే రకంలా ఉందమ్మా. ఒక రాత్రి నీళ్ళలో నానేసి, ఆరాక కత్తిరించు” అన్నారు. పనివాళ్ళ ఎదురుగా ఆమె నవ్వేసింది. “ఇంట్లో కూర్చునేవాళ్ళకు వ్యాపారం సంగతి ఏం తెలుస్తుంది అత్తయ్యా... మీరెళ్ళి పడుకోండి.” అత్తగారు డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ షాపు గడప తొక్కలేదు. బట్టలు తిరిగొచ్చిన రోజున ‘నేను చెప్పలేదూ’ అని కూడా అనలేదు. ఒక్క మాట అనేసి ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు!

ఆడపడుచు ఇంకా ఆపలేదు. “నెలకు తెచ్చిన సబ్బులు పది రోజులకే అయిపోతున్నాయట. తమ్ముడు చెప్పాడు. పొద్దస్తమానం ఇంట్లో ఉండి అదైనా చూసుకోవద్దూ?”

“ఆ సబ్బులు వాడింది నేను” అన్నారు అత్తగారు. “మిషను అమ్మడం లేదు. వచ్చేవాళ్ళకు ఫోన్ చేసి చెప్పు.”

ఆడపడుచు నోరు తెరిచింది. “ఇదేమిటమ్మా? షాపు వద్దని మొదట మొత్తుకున్నది నువ్వే కదా?”

“వద్దన్నాను. ఆడది బజార్న కూర్చోవడమేమిటి అనుకున్నాను. అది నా తప్పు. నలభై ఏళ్ళు బుర్ర లేకుండా బతికానని నువ్వు అంటున్నావే, అది నీ తప్పు.” ఆవిడ కోడలి వైపు తిరిగి, “నువ్వు పైకి రా” అన్నారు.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని ముందు నడుస్తుంటే, ఆమె వెనక మెట్లెక్కింది. రోజూ మధ్యాహ్నం ఆవిడ మేడమీదికి వెళ్తే, గోడ అవతలావిడతో కబుర్లకని అనుకుంది. లోలోపల విసుక్కుంది కూడా.

మేడనిండా తాళ్ళు కట్టి ఉన్నాయి. తాళ్ళనిండా చొక్కాలు, గౌన్లు, నిక్కర్లు ఆరుతున్నాయి. గదిలో మడతపెట్టిన బట్టలు వరుసగా పేర్చి ఉన్నాయి. గోనెసంచులు ఖాళీగా మూలన పడి ఉన్నాయి.

“అన్నీ మూడేసి ఉతుకులు ఉతికాను. ఇక వెంట్రుకవాసి కూడా తగ్గవు” అన్నారు అత్తగారు. “ఐదో తరగతివి నాలుగో తరగతి పిల్లలకు సరిపోతాయి, నాలుగో తరగతివి మూడో తరగతికి. పక్కింటి పిల్లలకు తొడిగి చూశాను. ఒకటో తరగతివి మాత్రం బొమ్మలకు తప్ప ఎవరికీ పట్టవు. ఆ బడి పెద్ద టీచరమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. రేపొచ్చి చూస్తానంది. తీసుకుంటుందో లేదో తెలీదు... చూస్తానని మాత్రం అంది.”

ఆమె అత్తగారి చేతులు పట్టుకుంది. సబ్బు నీళ్ళలో నాని నాని వేళ్ళసందులు చిట్లి ఉన్నాయి. రెండు నెలలు ఆ చేతుల మీదుగానే అన్నం తిన్నది. ఒక్కనాడూ కనిపించలేదు.

“ఆ రోజు పనివాళ్ళముందు మిమ్మల్ని... ఎంత మాట అన్నానో అత్తయ్యా...”

“అన్నావు. చాలా రోజులు బాధపడ్డాను. అబద్ధం ఎందుకు?” అన్నారావిడ. “నా ముందు నేనే తలెత్తుకోలేకపోయాను. ఉతుకుతుంటే తెలిసింది, నాకూ కొంత తెలుసని.”

కింద ఆడపడుచు ఫోన్‌లో “లేదండీ, మా అమ్మ అమ్మనివ్వడం లేదు” అని చెప్పడం వినిపించింది.

గది మూలన కత్తెర పడని తాను ఒకటి మిగిలి ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుని దాన్ని బయటికి తెచ్చింది. పెద్ద తొట్టి నింపి, మడతలు విప్పుతూ గుడ్డను నీళ్ళలోకి దించింది.

“ఎంతసేపు నాననివ్వాలి అత్తయ్యా?”

అత్తగారు పీట లాక్కుని తొట్టి పక్కన కూర్చున్నారు. ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్ళలో ఒక పని ఎలా చెయ్యాలో కోడలు తనను అడగడం అదే మొదటిసారి. పీట లాక్కుని తొట్టి పక్కన కూర్చున్నారు. పైకి తేలిన గుడ్డను అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కారు.

“తెల్లారేదాకా ఉండనీ” అన్నారు. “ఈసారి తొందరపడకు.”