లాకుల దగ్గర మూడు కాళ్లది

హార్న్‌లీ ఊరి బయట కాలవ మీద పాత లాకులున్నాయే, పొద్దుగూకాక అటు పోవాలంటే బొగ్గు పడవల వాళ్లకే కాళ్లు వణికేవి. లాకు కాపరి ఇల్లు ఏనాడో పాడుబడింది. మూడేళ్లుగా పొగమంచు పట్టిన ప్రతి రాత్రీ అక్కడేదో కనబడుతోందని ఊరంతా ఒకటే గోల. మూడు కాళ్లట... మూపున గూనట... తల లేదట. పిలిస్తే పలకదు, కదలదు.

ఇది పందొమ్మిది వందల ఏడు, నవంబరు నాటి మాట.

హ్యారియట్ ఓగ్డెన్ ఇవన్నీ విన్నదే. అయినా కెమెరా పెట్టె భుజాన వేసుకుని బయల్దేరింది. ఫోటో క్లబ్బు ప్రదర్శనకి ఇంక వారమే గడువు. మళ్లీ ఇంత మంచు పడుతుందన్న నమ్మకమేమీ లేదు. పదకొండేళ్లుగా ఆ క్లబ్బు గోడమీద ఒక్క ఆడమనిషి తీసిన ఫోటో ఎక్కలేదు. ఈసారి తనది ఎక్కించి తీరాలని పంతం పట్టింది.

క్లబ్బులో అప్పుడు రెండు వర్గాలు. ఫోటో కూడా కళే, మసగ్గా మనసుకి పట్టేట్టుండాలి, అక్కర్లేనిది ప్రింటు మీంచి తడి కుంచెతో తుడిచేసినా తప్పులేదు అనేది హ్యారియట్ వర్గం. గోడలో ఇటుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటేనే ఫోటో అనేది రెండోది. దానికి పెద్ద, క్లబ్బు అధ్యక్షుడు టాటర్సల్ గారు. “కుంచె పెట్టారా, అబద్ధమాడినట్టే” అని ప్రతి మీటింగులోనూ బల్ల గుద్దేవాడు. ఫోటోలు ఎంచే అయిదుగురిలో చెరో వైపూ ఇద్దరు. తేల్చే ఓటు ఆయనది.

దారిలో సారాకొట్టు నడిపే మిసెస్ క్లెగ్ చెయ్యి పట్టుకుని ఆపింది. “వద్దే తల్లీ. మొన్న మా ఆయన దాన్ని చూసొచ్చి మూడ్రోజులు మంచం దిగలేదు.”

“చూసి దిగలేదా, తాగి దిగలేదా పిన్నిగారూ?”

“వెటకారానికేం తక్కువలేదు. వెళ్లు, నీకే తెలుస్తుంది.”

లాకుల దగ్గర మంచు ముద్దకట్టి ఉంది. గట్టున దీపం ఒకటి ఉందో లేదో అన్నట్టు వెలుగుతోంది. హ్యారియట్ గట్టున పరిచిన చెక్కల మీద ముక్కాలి స్టాండు నిలబెట్టి లెన్సు మూత తీసింది. లోపలి గాజు ప్లేటు మీద బొమ్మ పడాలంటే ఇరవై నిమిషాలు అలా తెరిచి ఉంచాలి.

ఏడో నిమిషంలో అవతలి గట్టున మంచు కాస్త విచ్చింది...

మూడు కాళ్లు. గూని. తల లేదు.

పారిపోదామా — చెక్కల మీద అడుగు కదిపితే కెమెరా అదురుతుంది, ప్లేటు పాడైపోతుంది. వారం గడువు... పదకొండేళ్ల గోడ... పళ్లు బిగబట్టి అక్కడే నిలబడింది. అదీ నిలబడింది. ఎంతసేపటికీ అది ఇటే తిరిగి ఉంది.

ఇరవై నిమిషాలు అయ్యాయి. లెన్సుకి మూత పెట్టేసింది. ఇక పరుగు తీయబోతోంది —

గూనిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. జేబు గడియారం తీసి దీపం వైపు తిప్పి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా ముందుకి వంగి... లెన్సుకి మూత పెట్టింది.

“ఎవరది...” నీళ్ల మీంచి గొంతు వణుకుతూ వచ్చింది. “నువ్వు... మనిషివేనా?”

ఆ గొంతు హ్యారియట్‌కి బాగా తెలుసు. “టాటర్సల్ గారా?”

చలికి తలమీంచి కప్పుకున్న కెమెరా నల్లగుడ్డ తీశాడాయన. “మిస్ ఓగ్డెన్, మీరా? ఇందాకట్నుంచీ పైప్రాణాలు పైనే పోతున్నాయి నాకు. కదిలితే ప్లేటు పోతుందని...”

“నేనూ అంతేనండీ. అయినా మీరేంటి, ఈ మంచులో?”

ఆయన గడియారం జేబులో పెట్టుకున్నాడు. “ఈ మసక బొమ్మల కోసమే మూడేళ్లుగా వస్తున్నానమ్మా. మంచు పడితే ఇంట్లో ఉండలేను. ఎవరితోనూ అనకండి.” అని, ఉలిక్కిపడ్డాడు. “నేను మీ ప్లేటులో పడ్డానా?”

“పడ్డారండీ. కదల్లేదుగా.”

“కుంచెతో... తుడిచెయ్యకూడదూ?”

హ్యారియట్‌కి నవ్వాగలేదు. “అబద్ధమాడమంటారా?”

ఆ నవ్వు ఇంటికెళ్లేదాకా నిలవలేదు. ఓటుకి ఆయన చెయ్యెత్తకపోతే చాలు, ఫోటో మూలపడుతుంది, ఆయన గుట్టు ఆయనకి దక్కుతుంది. రెండుసార్లు కుంచె తడిపింది. కానీ ఆ నల్లటి ఆకారం తీసేస్తే బొమ్మలో ప్రాణమే లేదు. తుడవలేకపోయింది.

ఎంపిక రోజున ఇద్దరు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు. కాదన్నవాళ్లలో ఒకాయన ఫోటోకి ముక్కానించి చూశాడు. “దెయ్యం కాదిది. ముక్కాలి స్టాండు. ఎవరో మన క్లబ్బువాడే దొంగచాటుగా మంచు ఫోటో తీస్తున్నాడు... ఎవడీ దొంగ?”

వెనక కుర్చీలో హ్యారియట్ తల దించుకుంది. టాటర్సల్ గారు లేచి ఫోటో దగ్గరికెళ్లాడు. చూస్తూ చూస్తూ ఎక్కడున్నాడో మర్చిపోయినట్టు నిలబడిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“నేనే” అన్నాడు చెయ్యెత్తి. “గోడకి మధ్యలో తగిలించండి.”