కుల్పాష్ చెప్పిన పేర్లు

మా జిల్లా అంటువ్యాధుల ఆఫీసులో నా పని ఫోన్లు చెయ్యడం. రోగిని ముట్టుకున్నవాళ్లకి పద్నాలుగు రోజులపాటు, పొద్దున్న ఎనిమిదింటికి. మూడే ప్రశ్నలు. జ్వరం ఎంత? రక్తం కారిందా? నిన్నటి నుంచి ఎవరెవరు వచ్చారు? చెప్పింది రిజిస్టర్లో రాసుకోవాలి. సిర్‌దర్యా నది ఒడ్డున గొర్రెల ఉన్ని తీసే రోజులు వచ్చాయంటే, పిడుదుల వల్ల రక్తం కారే ఈ జ్వరమూ వస్తుంది. పన్నెండేళ్లుగా ఇదే.

ఆ ఏడు మొదట పోయింది ఒరీన్‌బసర్ అనే కాపరి. గొర్రె చెవిలోంచి పిడుదును పీకి గోళ్ల మధ్య నలిపాడు. జ్వరం వచ్చింది, చిగుళ్లలోంచి రక్తం కారింది, పోయాడు. అతని భార్య కుల్పాష్‌ని ఆ మైదానంలో మంద దగ్గరున్న ఇంట్లోనే ఒంటరిగా ఉండమన్నాం.

"మళ్లీ నువ్వేనా అమ్మాయ్? నీకు పెళ్లి చేస్తే తప్ప నన్ను వదిలేట్టు లేవు," అనేది. జ్వరం లేదు, రక్తం లేదు, ఎవరూ రాలేదు. వారం రోజులూ అదే జవాబు.

ఎనిమిదో రోజున నవ్వలేదు.

"పాదరసం ఎక్కడం లేదమ్మాయ్."

"చంకలో గట్టిగా నొక్కి పెట్టుకో అక్కా."

"పెట్టాను. రాత్రి నుంచి పెట్టే ఉంది..."

థర్మామీటరు పాడైందనుకున్నాను. "ఎవరైనా వచ్చారా?"

"దామెలీ వచ్చింది."

దామెలీ ఆమె చెల్లెలు. నలభై కిలోమీటర్ల అవతల పట్నంలో ఉంటుంది. కడుపుతో ఉంది, ఏడో నెల. వెంటనే ఆమెకి ఫోన్ చేశాను. "గడప దాటితే ఒట్టు," అంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారనుకుని రాసుకున్నాను.

తొమ్మిదో రోజు, "దామెలీ."

పదో రోజు, "దామెలీ. ఐబోపె కూడా." ఆమె మాట వెనక ఈగల మోత.

పదకొండో రోజు...

"ఇల్లంతా వాసన అమ్మాయ్. లేచి కిటికీ తియ్యలేకపోతున్నాను."

మా డాక్టర్ సగత్‌తో బయలుదేరాను. మిట్టమధ్యాహ్నానికి చేరాం. దొడ్లో గొర్రెలు దాహంతో అరుస్తున్నాయి. తలుపు లోపల గడియ. పగలగొట్టాం.

కుల్పాష్ మంచం మీద ఉంది. చంకలో థర్మామీటరు. మంచం కింద రక్తంతో గట్టిపడిన తువ్వాళ్లు. మొదటి వారం నాకు చెప్పినవన్నీ అబద్ధాలు.

"పోయి మూడు రోజులు దాటింది," అన్నాడు సగత్.

"పొద్దున్న మాట్లాడాను."

"ఎవరితో?"

ఫోన్ దిండు కింద ఉంది. చార్జింగ్ అయిపోయి ఎన్నాళ్లయిందో. రిజిస్టర్ చూపించాను. సగత్ చదివాడు. నా పెన్ను తీసుకుని చివరి నాలుగు వరుసలూ కొట్టేశాడు. నాకేమీ అనిపించలేదు. ఆకలి వేసింది, అంతే.

కొట్టేసినా పేర్లు పేర్లే. విచారించాలి. ఐబోపె అనే మనిషి ఆ చుట్టుపక్కల లేదన్నారు. సాయంత్రం పట్నంలో దామెలీ ఇంటికి వెళ్లాను.

దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. థర్మామీటరు పెట్టాను. జ్వరం ముప్పై తొమ్మిది డిగ్రీలు దాటింది. వీపు మీద ఎర్రటి చుక్కలు.

"అక్క దగ్గరికి నేను వెళ్లలేదు," అంది గొంతు తగ్గించి. "నిజంగా..."

రాసుకున్నాను.

"మీ వాళ్లలో ఐబోపె అని ఎవరు?"

దామెలీ రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?" అంది. "నా మొగుడికి కూడా ఇంకా చెప్పలేదు."